మా రజిత ఇంట్లో ఉన్న ఏడు

ఈ సంగతిని నేను ఇంతకుముందు కూడా మీ పత్రికలో నిజ జీవిత అనుభవాల శీర్షికకు రాసి పంపాను. ఒకసారి కాదు. మీరు అచ్చు వేయలేదు, వెనక్కి పంపలేదు, అందిందని ఒక్క ముక్క కూడా రాయలేదు. అదే సమయంలో మెట్‌పల్లి దిక్కు ఆయన ఎవరో రాసిన తెల్లచీర దయ్యాన్ని మాత్రం బొమ్మతో సహా వేశారు. ఆ చీర ఆయనకు రాత్రిపూట, దూరం నుంచి, అదీ కళ్ళజోడు లేకుండా కనిపించిందట. నాది పట్టపగలు జరిగింది. సాక్షులు ఉన్నారు, ఫోటో ఉంది. అయినా ఆయనది నిజ జీవిత అనుభవమైంది, నాది కాలేదు.

ముందే చెబుతున్నాను, నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నాది కోరుట్లలో మోటారు వైండింగు దుకాణం. కాలిపోయిన మోటార్లను విప్పి కొత్త రాగి తీగ చుట్టడం నా పని. కథలాపూర్ దిక్కు ఒక రైతు తన బావిలో ఎవరో దూకి చనిపోయారని, అప్పటి నుంచి దించిన మోటారల్లా కాలిపోతోందని నా దగ్గరికి వచ్చాడు. నేను వెళ్ళి చూశాను. ఒక ఫేజు తీగ వదులుగా ఉంది. బిగించాను. మోటారు ఇంకా నడుస్తోంది. ఆ రైతు మాత్రం మంత్రగాడిని పిలిపిస్తే బాగైందని ఊరంతా చెబుతాడు. నా పేరు చెప్పడు. అది వేరే సంగతి. మరిచిపోలేదని మాత్రం చెబుతున్నాను.

మా ఇంట్లో ముగ్గురం. నేను లింగయ్య, నా భార్య భూలక్ష్మి, మా ఒక్కగానొక్క బిడ్డ రజిత. భూలక్ష్మి బీడీలు చుడుతుంది. మా వాడకట్టులో చుట్టని ఆడమనిషి లేదు. రజిత బడికి వెళ్ళే వయసు నుంచే తల్లి పక్కన చాట ముందు కూర్చుని నేర్చుకుంది. దానిది ఎడమ చెయ్యి. బీడీకి దారం అందరూ ఒక వైపు తిప్పితే రజిత ఇంకో వైపు తిప్పేది. బీడీలు చూసి తీసుకునే మనిషి ఎన్ని కలిపి పోసినా దాని బీడీలను ఇట్టే ఏరేసేవాడు. ‘తాగెటోనికి ఎడమేంది, కుడేందయ్యా?’ అని నేను వెళ్ళి గొడవ పెట్టుకున్నాను. ఆ తర్వాత చాలా రోజులు మాకు చిల్లులు పడ్డ ఆకే ఇచ్చాడు.

రజిత ఇంటరు చదివిన కాలమంతా తెలంగాణ ఉద్యమంలోనే గడిచింది. బందులు, రాస్తారోకోలు, ర్యాలీలు. లెక్కల సారు బోర్డు మీద లెక్క సగం చేసేసరికి బయట నినాదాలు వినిపించేవి, పిల్లలు లేచి వెళ్ళిపోయేవాళ్ళు. మిగతా సగం ఎవరూ చేయలేదు. పరీక్ష పాసయింది కానీ ఇంజనీరింగులో మంచి ర్యాంకు రాలేదు. ఇంకో ఏడు కోచింగు తీసుకుని మళ్ళీ రాస్తానంది. జగిత్యాలలో చేర్పించాను. అప్పుడే సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. సమ్మె ముగిసేసరికి ఆ కోచింగు సెంటరు నడిపే ఆయన బోర్డు పీకేసి వెళ్ళిపోయాడు.

నేను ఉద్యమానికి వ్యతిరేకిని కాను. రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర నిలబడి అన్నం కలిపింది నేనే. మర్నాడు పేపరులో ఫోటో వచ్చింది. అందులో నా చెయ్యి, గంటె ఉన్నాయి. మొహం లేదు. అయినా ఏమీ అనలేదు. రాష్ట్రం కోసం మా బిడ్డ ఏడు ఒకటి పోతే పోయిందనుకున్నాను. పోయిన ఏడు ఇంకెక్కడో తేలుతుందని అనుకోలేదు.

ఆ ఏడంతా రజిత ఇంట్లోనే ఉంది. ఈ మాటను నేను పోలీసుల ముందైనా, దేవుడి ముందైనా చెబుతాను. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చేది. తల్లితో కలిసి బీడీలు చుట్టేది. మధ్యాహ్నం పుస్తకం ముందు పెట్టుకుని అలాగే నిద్రపోయేది. సాయంత్రం లేచేసరికి పది మైళ్ళు నడిచి వచ్చినట్టు వడిలిపోయి ఉండేది. కాళ్ళు గుంజుతున్నాయనేది. ‘కూసున్నకాడ కూసుంటివి, గీ కాళ్ళు గుంజుడేందే?’ అని భూలక్ష్మి విసుక్కునేది. జగిత్యాల తీసుకుపోయి డాక్టరుకు చూపించాం. రక్తం తక్కువుందన్నాడు. మా దగ్గర ఆడపిల్లలందరికీ ఆయన అదే చెబుతాడు.

ఒక్క సమ్మె రోజుల్లో మాత్రం కొన్నాళ్ళు సిరిసిల్లలో మా బామ్మర్ది కిషన్ ఇంట్లో ఉంది. కిషన్‌కు సాంచాల పని, అంటే మరమగ్గాలు నడుపుతాడు. ఆ చప్పుడులో మనిషి మాట మనిషికి వినిపించదు. ఒకరోజు పట్టపగలు కరెంటు పోయి సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దానికి, మూలన చాప మీద పడుకున్న రజిత ఉలిక్కిపడి లేచింది.

‘అత్తా, బస్సు పోయిందా?’ అని అడిగింది.

‘సమ్మెల బస్సెక్కడిదే పిల్లా? నీ ఒక్కదాని కోసం స్పెషల్ ఏసిండ్రా?’ అని కిషన్ భార్య నవ్వింది.

‘గా బస్సు కాదు. లోపలి బస్సు’ అని చెప్పి మళ్ళీ పడుకుంది.

ఆ ఇంట్లో అది పెద్ద తమాషా అయింది. కరెంటు పోయినప్పుడల్లా కిషన్ ‘లోపలి బస్సు అచ్చింది, ఎక్కుండ్రి’ అని అరిచేవాడు. నాకు కూడా ఫోన్ చేసి చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను.

ఎండాకాలం మొదలవుతుండగా జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాలులో మీటింగు ఉందని రజిత కరపత్రం తెచ్చింది. పక్క రాష్ట్రంలో ఉన్న చాలా పెద్ద ప్రైవేటు యూనివర్సిటీ వాళ్ళది. పేరు రాయను. రాస్తే మీరు వేయరు. టై కట్టుకున్న ఆయన ఒకడు తెర మీద బొమ్మలు చూపిస్తూ యూనివర్సిటీ గురించి మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. అక్కడ చదువు చెప్పడం ఒక ఎత్తు, రీసెర్చి ఇంకో ఎత్తన్నాడు. ఊక నుంచి ఇటుకలు చేసే పరిశోధన ఒకటి, మురికినీళ్ళను తాగే నీళ్ళు చేసే పరిశోధన ఒకటి, పుండ్ల మీద కట్టే గుడ్డ గురించి ఒకటి. సొంత ఆసుపత్రి, సొంత బ్యాంకు, సొంత పోస్టాఫీసు. ఆఫ్రికా నుంచి కూడా వచ్చి చదువుతారట. లోపల తిరగడానికే బస్సులు ఉన్నాయన్నాడు. అప్పుడు కూడా నాకు సిరిసిల్ల మాట గుర్తు రాలేదు.

తెర మీద లైబ్రరీ బొమ్మ వచ్చింది. పెద్ద పెద్ద రాతి మెట్లు. రజిత నా చెవిలో, ‘గా మెట్లు ఎండకాలం మస్తు కాలుతయి బాపూ. చెప్పులు కింద్నే ఇడవాలె గద’ అంది.

‘నీకెవలు చెప్పిండ్రు?’

‘ఏమో. సూస్తె తెలుస్తలేదా?’

నేను మళ్ళీ చూశాను. బొమ్మలో మెట్లే ఉన్నాయి. చెప్పులు లేవు, మనుషులు లేరు.

వాళ్ళ ప్రవేశ పరీక్ష జగిత్యాలలోనే రాసింది. మంచి ర్యాంకు వచ్చింది. ఫీజులో రాయితీ ఇస్తామని, సర్టిఫికెట్లు పట్టుకుని వచ్చి చేరమని కబురు వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో ఎంత సంతోషమో చెప్పలేను. మా వంశంలో ఇంటరు దాటిన మనిషి లేడు. నేనూ, రజితా బయలుదేరాం. కరీంనగర్ మీదుగా వరంగల్ వెళ్ళి రైలెక్కాం. సీటు దొరకలేదు. తలుపు దగ్గర కూర్చునే ప్రయాణం.

యూనివర్సిటీ గేటే మా ఊరి బస్టాండంత ఉంది. లోపల ఎటు చూసినా రోడ్లు, బోర్డులు, అద్దాల మేడలు. నేను సంచులు కింద పెట్టి వాచ్‌మన్‌ను దారి అడుగుదామని వెళ్ళాను. వెనక్కి తిరిగేసరికి రజిత ఎడమ పక్క రోడ్డు మీద నడిచిపోతోంది. బోర్డు వైపు తలెత్తి కూడా చూడలేదు. ‘ఆగు బిడ్డా, అడిగి పోదాం’ అని అరిచాను. ఆగలేదు. ఎదురుగా వస్తున్న లోపలి బస్సుకు చెయ్యెత్తింది. అక్కడ స్టాపు లేదు. అయినా డ్రైవరు ఆపాడు. దాన్ని చూసి తల ఊపాడు కూడా. నన్ను చూసి ఊపలేదు.

అడ్మిషన్ల ఆఫీసు ముందే దింపాడు. మన వైపు నుంచి వచ్చేవాళ్ళ కోసం తెలుగు తెలిసిన ఒక అమ్మాయిని కూర్చోబెట్టారు. ఆమె పేరు, ఊరు, తండ్రి పేరు కంప్యూటరులో కొట్టింది. చాలాసేపు తెర వైపే చూసింది. తర్వాత రజిత వైపు చూసింది.

‘సార్, ఈ అమ్మాయి ఆల్రెడీ మా స్టూడెంటే కదా?’

‘కాదమ్మా, ఇయ్యాల్నే చేరుతది.’

‘పోయిన సంవత్సరమే చేరింది సార్. ఫస్టియర్ పరీక్షలన్నీ రాసింది. తర్వాత చెప్పకుండా వెళ్ళిపోయింది. మళ్ళీ ఫస్టియర్లో ఎలా చేర్చుకుంటాం?’

పేరు కలిసి ఉంటుందన్నాను. ఆమె తెరను నా వైపు తిప్పింది. ఫోటోలో ఉన్నది మా రజిత. ఎవరో రజిత లాంటి పిల్ల కాదు. మా రజితే. ఇంటరు ఫేర్‌వెల్‌కు కోరుట్ల టైలరు కుట్టిన ఆకుపచ్చ డ్రెస్సు తొడుక్కుని ఉంది. మెడ పట్టీ వంకరగా కుట్టాడని ఆ టైలరుతో నేను గొడవపడ్డాను కాబట్టి నాకు బాగా గుర్తు. ఫోటోలో కూడా మెడ పట్టీ వంకరగానే ఉంది.

పోయిన ఏడంతా మా పిల్ల ఇంట్లో ఉందని చెప్పాను. బీడీలు చుట్టిందని చెప్పాను. వాడకట్టు మొత్తం సాక్ష్యం చెబుతుందన్నాను. అసలు సర్టిఫికెట్లు నా సంచిలోనే ఉన్నాయి, అవి లేకుండా మీరెలా చేర్చుకున్నారని అడిగాను. వెళ్ళేటప్పుడు తీసుకుని వెళ్ళిందంది. ఫీజు కూడా కట్టి ఉందంది. సంతకం చూపించింది. అదీ రజితదే. నేను గొంతు పెంచాను. వెనక లైనులో ఉన్నవాళ్ళు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. రజిత మాత్రం గోడకు ఆనుకుని నిలబడి కళ్ళు మూసుకుంది.

హాస్టలుకు వెళ్ళి అడగమన్నారు. వార్డెను గుంటూరు వైపు ఆమె. మమ్మల్ని చూడగానే కుర్చీలోంచి లేచి రజిత చెవి పట్టుకుంది.

‘ఏమే రజితా, బుద్ధుందా నీకు? చెప్పాపెట్టకుండా పోతావా? నీ బకెట్టూ, మగ్గూ ఇంకా స్టోర్ రూములోనే పడి ఉన్నాయి!’

తర్వాత నా వైపు తిరిగింది. ‘మీది తెలంగాణ కదండీ. అక్కడేవో గొడవలంట కదా. పిల్లని గొడవలకి పిలిపించుకున్నారా ఏంటి?’

‘గొడవలు కాదమ్మా. ఉద్యమం’ అన్నాను.

‘ఏదో ఒకటి లెండి’ అంది.

ఆ ‘ఏదో ఒకటి లెండి’ని నేను మరిచిపోలేదు. ఆ రోజు నా పరిస్థితి అలాంటిది కాబట్టి ఊరుకున్నాను.

అక్కడి నుంచి కెమిస్ట్రీ ల్యాబుకు పంపారు. అది హాస్టలుకు చాలా దూరం. దారి అంతా ఎండ. ఆసుపత్రి దాటి, లైబ్రరీ దాటి నడిచాం. లైబ్రరీ రాతి మెట్ల కింద చెప్పులు వరసగా విడిచి ఉన్నాయి. నేను రజిత మొహం చూశాను. అది తల తిప్పుకుంది.

ల్యాబు సారు తమిళాయన, వయసులో చిన్నవాడు. ఇంగ్లీషులో మాట్లాడితే రజిత నాకు తెలుగులో చెప్పింది. తన గురించి వేరేవాళ్ళు చెప్పే మాటలను తానే నాకు తర్జుమా చేస్తోంది. మంచి పిల్ల అన్నాడు. మాటలు తక్కువ అన్నాడు. ఎప్పుడూ అలసిపోయి ఉండేది, రాత్రంతా ఎక్కడో పని చేసి వచ్చినట్టు నిద్రమొహంతో ఉండేది, అడిగితే ఏమీ లేదనేది అన్నాడు. తర్వాత ఒక అలమారా తెరిచాడు. ఎండబెట్టి దంచిన ఆకుల పొడిని పిల్లలు కాగితం పొట్లాల్లో దాచుకుంటారట. అందరూ పిన్ను కొడతారు. ఈ పిల్ల ఒక్కతే కాగితాన్ని సన్నని గొట్టంలా చుట్టి, కొస లోపలికి మడిచి, దారం కట్టేదట. బాగున్నాయని ఆయన వాటిని పారేయలేదు. ఒకటి నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని అంగీ జేబులో పెట్టుకున్నాను.

చివరికి ఒక పెద్దాయన గదికి పంపారు. డీన్ అన్నారు. తల నెరిసింది, మర్యాదస్తుడు. ఆ రోజు మమ్మల్ని కూర్చోమన్నది ఆయన ఒక్కడే. అడ్మిషన్ల అమ్మాయిని పక్కన పెట్టుకుని తెలుగులో చెప్పించాడు. ఈ పిల్ల ఆ పిల్లే అని ఒప్పుకుంటే రెండో సంవత్సరంలో చేర్చుకుంటారు. మార్కులు బాగున్నాయి, రాయితీ కూడా ఇస్తారు. కాదంటే, ఎవరో ఈమె పేరుతో ఏడాది చదివినట్టు. అప్పుడు విచారణ జరగాలి, పోలీసులు రావాలి. అది తేలేదాకా సీటు ఉండదు. సాయంత్రంలోగా చెప్పమన్నాడు.

బయట బస్సు కోసం వేసిన బెంచీ మీద కూర్చున్నాం. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు.

‘బాపూ, ఒప్పుకుందాం’ అంది రజిత.

‘అబద్ధమెట్ల ఒప్పుకుంటవ్ బిడ్డా?’

‘అబద్ధమో నిజమో నాకు తెల్వది. ఏడాదంత ఇంట్ల కూసుంటె నాకేమచ్చింది? గీడ నా పేరు మీద ఎవలో చదివిండ్రు. మార్కులు గూడ తెచ్చిండ్రు. నా ఏడు నాకిస్తమంటున్నరు. నువ్వు వద్దంటున్నవ్.’

‘గా పిల్ల ఎవలో తేల్చాలె గద! రేపు ఇంకేమన్న అయితె?’

‘నువ్వు దునియల ఉన్నోళ్ళందరి మీద దరఖాస్తులు పెట్టినవ్. గొక్కదానికన్న జవాబచ్చిందా? గీ ఒక్కసారి ఊకో బాపూ. నీ కాళ్ళు మొక్కుత. నాకు యాష్టకచ్చింది.’

అది ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను ఇంకాసేపు వాదించేవాణ్ణి. చదువు పూర్తయ్యేదాకా ఎవరినీ ఏమీ అడగనని నాతో ఒట్టు వేయించుకుంది.

మళ్ళీ డీన్ గదికి వెళ్ళాం. ఆయన ఇంగ్లీషులో అడిగాడు. ఆ మాత్రం నాకూ అర్థమైంది. ఆ విద్యార్థినివి నువ్వేనా అన్నాడు. రజిత ‘ఎస్ సార్’ అంది. ఆ గొంతులో ఒక్క రవ్వ తడబాటు లేదు. అబద్ధం చెబుతున్న పిల్ల గొంతు కాదది. ఆ రోజంతా ఎక్కడా భయపడని నాకు అక్కడ భయమేసింది.

రజితను హాస్టల్లో దింపి ఒక్కణ్ణే తిరిగి వచ్చాను. ఇంటికి వచ్చాక భూలక్ష్మికి ఏం చెప్పాలో తోచలేదు. సీటు వచ్చింది, నేరుగా రెండో ఏడులోనే వేశారని చెప్పాను. అంగీ ఉతకడానికి తీస్తూ జేబులో చెయ్యి పెట్టింది. ఆ కాగితపు గొట్టం బయటికి వచ్చింది.

‘గిదేందయ్యా, పోరితోని కాయిదం బీడీ చుట్టించుకున్నవా?’ అని నవ్వింది.

‘పోరిదని నీకెట్ల తెలుసు?’

‘దారం సూడు, ఎటు తిప్పిందో. కొసకు గోటితోని ఒత్తింది సూడు. నా బిడ్డ చెయ్యి నాకు తెల్వదా?’

అప్పుడు చెప్పాను, మొత్తం. ఆమె అడ్డు తగలకుండా విన్నది. చాలాసేపు ఆ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పింది.

‘ఏడాదంత నా మోకాలుకు మోకాలు ఆనిచ్చి కూసున్నది గదయ్యా’ అంది చివరికి. ‘అక్కడ చదివింది నా బిడ్డే అయితె, మరి నా పక్కన కూసున్నదెవలు?’

పొద్దున్నుంచి సాయంత్రం దాకా అన్ని ఆఫీసుల్లో అన్ని ప్రశ్నలు అడిగిన నాకు ఈ ప్రశ్న తట్టలేదు. భూలక్ష్మి మళ్ళీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. ఆ గొట్టం ఎక్కడ పెట్టిందో నాకు తెలియదు.

ఆ తర్వాత తెలంగాణ వచ్చింది. మా వాడకట్టులో స్వీట్లు పంచారు. రజిత బాగా చదివింది. నేను ఒట్టు తప్పలేదు. అన్నేళ్ళు నోరు మూసుకుని ఉండటం నాకు ఎంత కష్టమో నన్ను ఎరిగినవాళ్ళకు తెలుసు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అది తల్లితో కబుర్లు చెప్పేది. ఒకసారి, ‘ఫస్టియర్ల మా రూముల కోతి సొచ్చిందమ్మా, ఇగ సూడు మా ఉరుకుడు’ అని మొదలుపెట్టింది. నేను అన్నం తింటూ తలెత్తాను.

‘ఫస్టియర్ నువ్వు ఈడ ఉన్నవ్ గదా బిడ్డా? సిరిసిల్లల మామోళ్ళింట్ల ఉన్నది గుర్తు లేదా?’

‘ఉన్నది’ అంది.

‘మరి కోతి?’

‘గదీ గుర్తున్నది. రెండూ గుర్తున్నయి బాపూ. ఇగ అడగకు.’

డిగ్రీ చేతికి ఇచ్చే పండుగకు నన్నూ, భూలక్ష్మినీ పిలిచింది. నల్ల గౌనులో దాన్ని చూసి భూలక్ష్మి కళ్ళు తుడుచుకుంది. మధ్యాహ్నం హాస్టలు మెస్సులో భోజనం పెట్టారు. మెస్సు చూసుకునే ఆయన నెల్లూరు మనిషి. నన్ను చూడగానే రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు. నేను ఆయనను ఎన్నడూ చూసి ఎరగను.

‘బాగున్నారా సార్? మిమ్మల్ని ఎట్లా మర్చిపోతాను! పాపని ఫస్టియర్లో దింపను వచ్చినప్పుడు ఇక్కడే కదా తిన్నారు. వచ్చిన ప్రతి తండ్రీ కూర బాలేదనో, నీళ్ళు బాలేవనో నన్ను తిట్టి పోతాడు. మీరొక్కరే కడుపు నిండా తిని, చాలా బాగుందయ్యా అని చెప్పి, వంటవాళ్ళకి కూడా దండం పెట్టి పోయినారు. అంత నెమ్మదస్తుణ్ణి నేను చూడలేదు సార్.’

అది నేను కాదన్నాను. ఆయన నవ్వాడు, నేను వినయం చూపిస్తున్నానని అనుకున్నట్టున్నాడు. నేను రజిత వైపు చూశాను, నువ్వైనా చెప్పు అన్నట్టు. అది పళ్ళెంలో అన్నం కలుపుతోంది. నా వైపు చూడలేదు.

‘ఔను. గా రోజు బాపు మస్తు మంచిగ మాట్లాడిండు’ అంది.

నేను పళ్ళెం పక్కకు జరిపి లేచాను.

రజిత చేరిందని వాళ్ళు చెప్పే ఆ నెలలో నేను కోరుట్ల దాటి వెళ్ళలేదు. దుకాణం పక్క వాళ్ళను అడగండి, చెబుతారు. డిగ్రీ పూర్తయింది కాబట్టి నా ఒట్టు కూడా తీరింది. యూనివర్సిటీకి రాశాను. డీన్‌కు రాశాను. ఆయన రిటైరయ్యాడట. ఆ తర్వాత వచ్చిన ఆయనకు రాశాను. చాలా కాలానికి ఒక పెద్ద కవరు వచ్చింది. సంతోషంతో చింపాను. మా విశ్వవిద్యాలయంపై మీరు చూపిన ఆసక్తికి కృతజ్ఞతలని ఇంగ్లీషులో ఒక చీటీ, దానితో పాటు నున్నటి కాగితం మీద రంగుల్లో అచ్చేసిన పుస్తకం. యూనివర్సిటీ గురించి సమస్తం అందులో ఉంది. ఎన్ని విభాగాలున్నాయి, ఎవరెవరు ఏం కనిపెట్టారు, ఏ దేశాల నుంచి వస్తారు, అన్నీ. నేను అట్ట నుంచి అట్ట దాకా చదివించుకుని విన్నాను. నేను అడిగింది అందులో లేదు.

రజిత ఇప్పుడు అక్కడే రీసెర్చి చేస్తోంది. దాని ఏడు దానికి దొరికింది, తీసుకుంది. అందులో నేను తప్పు పట్టను. భూలక్ష్మి అడగదలచుకోలేదు, అది ఆమె ఇష్టం. నాకు మాత్రం నిద్ర పట్టదు. ఎంత ఆలోచించినా ఏ దారీ దొరకదు. వైండింగులో ఎక్కడ తెగిందో తెలియకపోతే మోటారంతా విప్పి చూస్తాను. దీన్ని ఎక్కడ విప్పాలో తెలియడం లేదు.

మీరు ఇది వేస్తే ఆ యూనివర్సిటీ వాళ్ళు ఎవరైనా చదువుతారని రాస్తున్నాను. ఆ పిల్ల ఎవరని ఇక అడగను. ఒక్కటే అడుగుతున్నాను. నా పేరు చెప్పుకుని, నా మొహంతో వచ్చి, నా బిడ్డను మీకు అప్పగించి, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా అందరికీ దండం పెట్టి వెళ్ళిన ఆ మనిషి ఎవరు? మీ గేటు దాటి ఎటు పోయాడు? మా బిడ్డ ఆయనను బాపు అంటోంది. నాకు జవాబు చెప్పండి. ఈసారి పుస్తకం పంపకండి.